పర్యావరణ భయవార్తను, దాని వెంట వచ్చే నిబంధనను పరీక్షించడం ఎలా

పర్యావరణం గురించి భయపెట్టే మాట ఒకటి చెవిన పడగానే, చెప్పినవారు మన పక్షం వారైతే నమ్మడం, ఎదుటి పక్షం వారైతే కొట్టిపారేయడం చాలామందికి అలవాటు. రెండు సందర్భాల్లోనూ మనం తూచింది మనిషినే తప్ప మాటను కాదు. మాటను తూచే పద్ధతి ఏమిటో ఇక్కడ వివరిస్తాను. భూమి వేడెక్కుతోందని, అందుకు ప్రధాన కారణం మనుషులు వదిలే హరితగృహ వాయువులేనని చూపే ఆధారాలు బలమైనవి. 1850–1900 నాటి సగటుతో పోలిస్తే 2011–2020 దశాబ్దంలో భూమి ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 1.1 డిగ్రీల సెల్సియస్ ఎక్కువగా ఉంది. కనుక నేను చెప్పబోయే సందేహం ఆ నిజం మీద కాదు. ఆ నిజానికి లేనిపోనివి కలిపి పెంచి చెప్పే మాటల మీద, ఆ మాటల వేడిలో తొందరపడి రాసే నిబంధనల మీద ఉంచవలసిన సందేహం. భయంలో చేసిన నిబంధనకు మూల్యం చెల్లించేది చాలాసార్లు ఆ చర్చలో తమ మాట వినిపించుకోలేనివారే కాబట్టి, ఈ పరీక్షను నేను ఒక బాధ్యతగానే చూస్తాను.

మొదట మూలవాక్యాన్ని పట్టుకోవాలి

వార్త శీర్షికను పరీక్షిస్తూ కూర్చోవడం వృథా, ఎందుకంటే శీర్షిక పెట్టినవారు నివేదిక రాసినవారు కారు. నివేదికలోని అసలు వాక్యం ఏమిటో, దానికి ఆధారంగా దేనిని చూపారో వెతకండి. ఆ ఆధారం మరొక నివేదికను చూపితే అక్కడికీ వెళ్ళండి. ఏదో ఒకచోట, ఎవరో ఒకరు, ఏదో ఒక పరికరంతో కొలిచిన కొలత కనిపించేవరకు వెనక్కి నడవాలి. కొలత దొరకకుండానే దారి ముగిసిపోతే ఆ వాక్యానికి పునాది లేదని అర్థం.

ఈ పని ఎందుకు అవసరమో హిమాలయ హిమానీనదాల ఉదంతం చెబుతుంది. వాతావరణ మార్పులపై ఏర్పాటైన అంతర్ ప్రభుత్వ సంఘం (ఐపీసీసీ) 2007లో వెలువరించిన నివేదికలో, హిమాలయాల్లోని హిమానీనదాలు 2035 నాటికి, వీలైతే అంతకు ముందే, కనుమరుగయ్యే అవకాశం చాలా ఎక్కువ అన్న వాక్యం ఒకటి ఉంది. దానికి ఆధారంగా చూపింది ఒక ప్రకృతి పరిరక్షణ సంస్థ 2005లో ప్రచురించిన నివేదిక. ఆ నివేదికకు ఆధారం 1999లో ఒక విజ్ఞాన పత్రిక ప్రచురించిన వార్త. ఆ వార్తకు ఆధారం ఒక శాస్త్రవేత్తతో జరిపిన సంభాషణ. మంచు మందాన్ని కొలిచిన అధ్యయనం ఈ వరుసలో ఎక్కడా లేదు. వందల మీటర్ల మందం ఉన్న మంచు అంత త్వరగా కరగడం భౌతికంగా సాధ్యం కాదని హిమానీనదాలను చదివినవారు ఎత్తిచూపాక, 2010 జనవరిలో ఐపీసీసీ ఆ పేరాకు తగిన ఆధారం లేదని ఒప్పుకొని విచారం తెలిపింది. అంత పెద్ద సంస్థ, అంతమంది సమీక్షకులు ఉండి కూడా ఆ వాక్యం సుమారు మూడేళ్ళపాటు నిలిచి ఉంది.

అయితే ఇక్కడ రెండో తప్పు చేయకూడదు. ఆ వాక్యం తప్పయినంత మాత్రాన హిమాలయాల్లో మంచు తరగడం అబద్ధం కాదు. అది క్షేత్ర పరిశీలనల్లోనూ ఉపగ్రహ చిత్రాల్లోనూ నమోదవుతూనే ఉంది. తప్పయిన వాక్యాన్ని తీసేయాలి గాని, దాని చుట్టూ ఉన్న పుస్తకమంతా చింపేయకూడదు. సందేహించేవారిలో ఎంతోమంది ఈ చోటే దారి తప్పుతారు.

అమెరికాలో రోజుకు 50 కోట్ల ప్లాస్టిక్ స్ట్రాలు పారేస్తున్నారన్న లెక్క కూడా ఇలాంటిదే. ప్రపంచమంతా తిరిగిన ఆ సంఖ్యకు మూలం 2011లో ఒక తొమ్మిదేళ్ళ బాలుడు కొందరు తయారీదారులకు ఫోన్ చేసి వేసుకున్న అంచనా. ఆ బాలుడి చొరవ మెచ్చుకోదగినది. సరిచూడకుండా దానిని నిషేధ ప్రతిపాదనలకు ఆధారంగా వాడుకున్న పెద్దలదే లోపం. తేనెటీగలు అంతరిస్తే మనిషికి నాలుగేళ్ళే ఆయుష్షని ఐన్‌స్టీన్ చెప్పినట్టు తిరిగే మాటకైతే ఆయన రచనల్లో ఎక్కడా ఆధారం లేదు. మహనీయుల పేరుతో వచ్చే హెచ్చరికలను ఇంతకన్నా ఎక్కువ సేపు పరీక్షించవలసిన పని లేదు.

షరతును వెతకాలి

శాస్త్ర నివేదికల్లోని వాక్యాలు చాలావరకు షరతుతో కూడినవి: ఇలా జరిగితే అలా అవుతుంది, అలా కాకూడదంటే ఇలా చేయాలి. నోటి నుంచి నోటికి ప్రయాణించేటప్పుడు మొదట రాలిపోయేది ఆ షరతే. 2018 అక్టోబరులో ఐపీసీసీ ఇచ్చిన ప్రత్యేక నివేదిక చెప్పింది ఇది: ఉష్ణోగ్రత పెరుగుదలను 1.5 డిగ్రీల వద్ద నిలపాలంటే, ప్రపంచం వదిలే నికర కార్బన్ డయాక్సైడ్ (వదిలిన దానిలో గాలి నుంచి తిరిగి తొలగించినది పోగా మిగిలేది) 2010తో పోలిస్తే 2030 నాటికి సుమారు 45 శాతం తగ్గాలి, 2050 ప్రాంతానికి నికరంగా సున్నాకు చేరాలి. ఒక లక్ష్యాన్ని అందుకోవడానికి కావలసిన దారిని చెప్పిన ఈ వాక్యం కొద్ది రోజుల్లోనే ‘భూమిని కాపాడుకోవడానికి 12 ఏళ్ళే మిగిలాయి’ అన్న గడువుగా మారిపోయింది. 2030 తర్వాతి రోజున తెగిపడే అంచు ఏదీ ఆ నివేదికలో లేదు. 1.5 కన్నా 1.6 కొంత చెడ్డది, 1.6 కన్నా 1.7 ఇంకొంత చెడ్డది అన్నదే అందులోని స్థూలమైన సారం. ఈ గడువు భాష చేసే హాని చిన్నది కాదు: గడువు దాటాక ఇక చేయవలసింది ఏమీ లేదన్న నిస్పృహను, లేదా ఇదివరకటి గడువులూ దాటాయి కదా అన్న నిర్లక్ష్యాన్ని అది మిగులుస్తుంది.

షరతును వెతకడంలో మరొక మెళకువ ఉంది. శతాబ్దాంతానికి ఏమవుతుందో చెప్పే అధ్యయనం చేతికి వచ్చినప్పుడు, అది ఏ ఉద్గార మార్గాన్ని, అంటే రాబోయే ఏళ్ళలో వాయువుల విడుదల ఎలా సాగుతుందని, ఊహించుకుందో చూడండి. ఆర్‌సీపీ 8.5 అనే పేరు కనిపిస్తే ఆగండి. 2100 నాటికి హరితగృహ వాయువుల వంటి కారణాల వల్ల చదరపు మీటరుకు సుమారు 8.5 వాట్ల అదనపు శక్తి భూమిపై చేరుతుందన్న ఊహను ఆ సంఖ్య సూచిస్తుంది; అది నిజం కావాలంటే ఈ శతాబ్దమంతా బొగ్గు వాడకం విపరీతంగా పెరుగుతూ పోవాలి. ఏళ్ళ తరబడి దీనినే ‘ఇప్పటిలాగే సాగితే జరిగేది’ అని వర్ణించారు. ఆ వర్ణన దారి తప్పిస్తోందని 2020 జనవరిలో వాతావరణ పరిశోధకులు జీక్ హాస్‌ఫాదర్, గ్లెన్ పీటర్స్ ‘నేచర్’ పత్రికలో రాశారు. ఆ తర్వాతి ఐపీసీసీ నివేదిక కూడా ఇంధన రంగంలో వచ్చిన మార్పుల దృష్ట్యా అంత అధిక ఉద్గారాలకు అవకాశం తక్కువని పరిశోధకులు భావిస్తున్నట్టు పేర్కొంది. కాబట్టి అలాంటి అధ్యయనపు ఫలితాన్ని చదివేటప్పుడు ప్రతి వాక్యానికి ముందు ‘అతి చెడ్డ దారిలో వెళితే’ అని మీరే చేర్చుకోండి. అవకాశం తక్కువన్నది అసలు అవకాశమే లేదనడం కాదు. వంతెన కట్టేవారు అరుదుగా వచ్చే వరదను కూడా లెక్కలోకి తీసుకుంటారు, అది ప్రతి ఏడాదీ వస్తుందని మాత్రం ఎవరితోనూ చెప్పరు.

మోతాదు, కొలబద్ద

ఒక పదార్థానికి హాని చేసే గుణం ఉండటం వేరు, మనకు అందే మోతాదులో అది హాని చేసే అవకాశం ఉండటం వేరు. విషాన్ని విషంగా చేసేది మోతాదేనని పదహారో శతాబ్దంలోనే పారాసెల్సస్ అనే వైద్యుడు చెప్పాడు. కలుపుమందు గ్లైఫోసేట్ విషయంలో 2015లో రెండు సంస్థలు రెండు విధాలుగా తేల్చడానికి ఒక ముఖ్య కారణం ఈ తేడాయే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దానిని ‘బహుశా క్యాన్సర్ కలిగించేది’ అన్న వర్గంలో చేర్చగా, ఐరోపా ఆహార భద్రతా సంస్థ అది క్యాన్సర్ కలిగించే అవకాశం లేనట్టేనని పేర్కొంది. మొదటి సంస్థ వర్గీకరణ చెప్పేది ఆ గుణం ఉందనడానికి ఆధారాలు ఎంత బలంగా ఉన్నాయన్నది మాత్రమే. ఎంతమందికి, ఎంత మోతాదులో అన్నది చెప్పడం దాని పని కాదు. రాత్రి షిఫ్టుల్లో పనిచేయడం, 65 డిగ్రీలు దాటిన వేడితో పానీయాలు తాగడం కూడా అదే వర్గంలో ఉన్నాయి. ఆ రెండు సంస్థలు పరిశీలించిన అధ్యయనాలు కూడా పూర్తిగా ఒకటి కావు. ఆ వాదన ఇంకా ముగియలేదు.

అందుకే ‘నీటిలో ఫలానా రసాయనం బయటపడింది’ అన్న వాక్యం దానంతట అది సగం సమాచారమే. నేటి పరికరాలు వంద కోట్లలో ఒక వంతును కూడా పట్టగలవు. అది దాదాపు 32 ఏళ్ళలో ఒక సెకను లాంటిది. కనిపించిందా అన్నది కాక, ఎంత కనిపించిందో, హాని మొదలయ్యే స్థాయి ఎంతో అడగండి. శాతాలతోనూ ఇదే జాగ్రత్త అవసరం. లక్షమందిలో ఇద్దరికి వచ్చే జబ్బు ముగ్గురికి వస్తే అది 50 శాతం పెరుగుదల. నూటికి ఇరవైమందికి వచ్చే జబ్బు ముప్పైమందికి వచ్చినా 50 శాతమే. మొదటిది శీర్షికకు పనికొస్తుంది, రెండోది నిజంగా మనల్ని కదిలించాలి. ఒక మినహాయింపును మాత్రం మరవకూడదు: సీసం విషయంలో ఇంతవరకు సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ తేలలేదు. మోతాదు సూత్రాన్ని చూపి అన్నింటినీ కొట్టిపారేయలేం.

కొన్నిసార్లు మారేది లోకం కాదు, కొలబద్ద. గాలిలోని సూక్ష్మ ధూళి కణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు ఉండేది. 2021లో దానిని 5కు తగ్గించారు. ప్రపంచ జనాభాలో 99 శాతం పరిమితికి మించిన గాలి పీలుస్తున్నారని 2022లో వెలువడిన ప్రకటన ఈ కొత్త పరిమితిని బట్టి లెక్కించినది. దానిని పాత లెక్కల పక్కన పెట్టి గాలి అంతలోనే అంత చెడిపోయిందనుకుంటే పొరపాటు. పరిమితిని తగ్గించడానికి ఆరోగ్యపరమైన కారణాలు బలంగానే ఉన్నాయన్నది వేరే సంగతి.

విపత్తుల లెక్కలను కూడా సగం వరకే వినిపించడం చూస్తాం. వాతావరణ సంబంధిత విపత్తులు 50 ఏళ్ళలో ఐదు రెట్లు పెరిగాయని ప్రపంచ వాతావరణ సంస్థ 2021లో చెప్పింది. ఈ పెరుగుదలలో వాతావరణ మార్పుతో పాటు మెరుగైన నమోదుకూ భాగముందని, అదే కాలంలో మరణాలు దాదాపు మూడో వంతుకు తగ్గాయని అదే నివేదిక చెప్పింది. ముందస్తు హెచ్చరికలు మనుషులను బతికిస్తున్నాయన్న ఈ రెండో సగమే విధానాలు రాసేవారికి ఎక్కువ పనికొచ్చేది, కాని వినబడేది తక్కువ.

నిబంధన ముసాయిదాను చదివే తీరు

సమస్య నిజమని తేలినంత మాత్రాన దానికి ప్రతిపాదించిన మందు సరైనదని తేలదు. ముసాయిదా చేతికి వచ్చినప్పుడు నేను అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న, నిషేధించిన దాని స్థానంలోకి ఏమి వస్తుంది అన్నది. ఈ ప్రశ్నకు ముసాయిదాలో జవాబు లేకపోతే మిగతా పేజీలు ఎంత చక్కగా ఉన్నా నాకు నమ్మకం కుదరదు.

2021 ఏప్రిల్‌లో శ్రీలంక ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని దాదాపు రాత్రికి రాత్రి నిలిపివేసింది. నేల ఆరోగ్యం, ప్రజల ఆరోగ్యం అన్నవి పైకి చెప్పిన కారణాలు. విదేశీ మారక ద్రవ్యపు కొరత కూడా వెనుక ఉంది. దేశమంతటికీ చాలినంత సేంద్రియ ఎరువు సిద్ధంగా లేదు, రైతులకు మారడానికి వ్యవధి లేదు. వరి, తేయాకు దిగుబడులు పడిపోయి, బియ్యం దిగుమతి చేసుకోవలసి వచ్చింది. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. సేంద్రియ సేద్యం మంచిదా చెడ్డదా అన్న చర్చతో నిమిత్తం లేకుండానే ఈ నిబంధన తప్పని చెప్పవచ్చు, ఎందుకంటే అందులో ప్రత్యామ్నాయమూ లేదు, వ్యవధీ లేదు.

తరువాత చూడవలసింది, ఆ నిబంధన కొలిచేది దేనిని, బహుమానం ఇచ్చేది దేనికి అన్నది. శీతలీకరణలో వాడే హెచ్‌సీఎఫ్‌సీ-22 తయారీలో హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వాయువు వ్యర్థంగా పుడుతుంది. భూమిని వేడెక్కించడంలో అది బరువుకు బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా పది వేల రెట్లకు పైగా బలమైనది. హరితగృహ వాయువులను తగ్గించేందుకు కుదిరిన క్యోటో ఒప్పందం కింద ఆ వ్యర్థాన్ని కాల్చివేసిన కర్మాగారాలకు కార్బన్ క్రెడిట్లు, అంటే ఉద్గారాలు తగ్గించినందుకు ఇచ్చే, అమ్ముకోదగిన పత్రాలు, ఇచ్చారు. కాల్చడానికయ్యే ఖర్చుకన్నా క్రెడిట్ల విలువ ఎన్నో రెట్లు ఎక్కువ కావడంతో, కొన్ని కర్మాగారాలు క్రెడిట్ల కోసమే ఎక్కువ వ్యర్థాన్ని పుట్టించే విధంగా ఉత్పత్తిని నడిపాయన్న ఆధారాలు బయటపడ్డాయి. చివరికి 2013లో ఐరోపా సమాఖ్య ఆ క్రెడిట్లను తీసుకోవడం ఆపివేసింది. వ్యర్థాన్ని తగ్గించినందుకు కాక, కాల్చిన పరిమాణానికి డబ్బు ఇవ్వడం వల్ల వచ్చిన ఫలితమిది.

ఒకే ప్రమాణంతో నిర్ణయించడంలోని చిక్కును డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో చేయించిన సంచుల అధ్యయనం చూపుతుంది. వాతావరణ ప్రభావాన్ని మాత్రమే లెక్కిస్తే, నూలు సంచి సాధారణ ప్లాస్టిక్ సంచికి సాటి రావడానికి దానిని 52 సార్లు వాడాలి. పరిశీలించిన పర్యావరణ ప్రమాణాలన్నింటిలోనూ సాటి రావాలంటే 7,100 సార్లు వాడాలి. రెండో సంఖ్యను ఎత్తిచూపి ప్లాస్టిక్కే మేలని వాదించేవారు చెప్పని సంగతి ఏమిటంటే, వీధుల్లోనూ నీళ్ళలోనూ చెత్తగా చేరిన సంచి చేసే హానిని ఆ అధ్యయనం లెక్కించలేదు. ముసాయిదా ఏ హానిని తగ్గించాలనుకుంటున్నదో స్పష్టంగా రాయించుకుంటే గాని ఏ సంచి మేలో చెప్పలేం.

భయానికి కూడా ఖర్చు ఉంటుందని ముసాయిదాలు రాసేవారు తరచుగా మరచిపోతారు. 2011 మార్చిలో ఫుకుషిమా అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగాక, రేడియేషన్ వల్ల మరణించినట్టు జపాన్ ప్రభుత్వం గుర్తించింది ఒక్కరిని. ఆ ప్రాంతంలో ఇళ్ళు వదిలి వెళ్ళడం, ఆస్పత్రుల నుంచి వృద్ధులను తరలించడం, దీర్ఘకాలం శిబిరాల్లో గడపడం వంటి కారణాలతో మరణించినట్టు గుర్తించినవారు రెండు వేలకు పైగా. తొలి రోజుల్లో ఖాళీ చేయించడం అవసరమే కావచ్చు. ఎంత దూరం, ఎంత కాలం అన్నప్పుడు మాత్రం రెండు వైపుల ప్రాణాలనూ లెక్కించాలి.

‘ముందుజాగ్రత్త సూత్రం’ అన్న మాటతో ఎవరైనా చర్చను ముగించబోతే, 1992 నాటి రియో ప్రకటనలోని 15వ సూత్రాన్ని తెరిచి చదవండి. తీవ్రమైన లేదా సరిదిద్దలేని నష్టం పొంచి ఉన్నప్పుడు, పూర్తి శాస్త్రీయ నిర్ధారణ లేదన్న సాకుతో ‘ఖర్చుకు తగిన ఫలితమిచ్చే’ చర్యలను వాయిదా వేయకూడదని దాని సారాంశం. ఖర్చుకు తగిన ఫలితం అన్న ఆ షరతును వదిలేసి మిగతా సూత్రాన్ని మాత్రమే వినిపించడం న్యాయం కాదు.

అదే తూకం మన సందేహానికీ

ఇంతవరకు చెప్పినదంతా చదివి హెచ్చరికలన్నీ అతిశయోక్తులే అనుకుంటే ఈ పద్ధతి విఫలమైనట్టే. 1974లో మారియో మొలీనా, షేర్వుడ్ రోలాండ్ అనే రసాయన శాస్త్రవేత్తలు, ఫ్రిజ్‌లలో, స్ప్రేలలో వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను తినేస్తాయని రాసినప్పుడు తయారీదారులు అది ఊహ మాత్రమేనన్నారు. 1985లో అంటార్కిటికాపై ఓజోన్ రంధ్రం గురించి కొలతలు ప్రచురితమయ్యాయి, 1987లో ఆ రసాయనాలను తగ్గించే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది, ఇప్పుడు ఆ పొర నెమ్మదిగా కోలుకుంటోంది. అక్కడ మూలవాక్యం ఉంది, కొలత ఉంది, ప్రత్యామ్నాయ రసాయనాలు ఉన్నాయి, దశలవారీ గడువు ఉంది. పెట్రోలులో సీసం కలపడం ప్రమాదకరమని 1920లలోనే వైద్య నిపుణులు హెచ్చరించారు. ప్రపంచంలో చివరి దేశం వాహనాలకు ఆ పెట్రోలు అమ్మడం ఆపింది 2021లో. ఆ ఆలస్యానికి పిల్లల మెదళ్ళు బలయ్యాయి. ఆమ్ల వర్షాలకు కారణమైన గంధక ఉద్గారాలపై అమెరికా 1990లో నియంత్రణ తెచ్చినప్పుడు ఖర్చు భరించలేనిదవుతుందని పరిశ్రమలు భయపెట్టాయి. అసలు ఖర్చు ముందటి అంచనాలకన్నా చాలా తక్కువగా తేలింది. నష్టం గురించి భయపెట్టేవారిని ఎలా పరీక్షిస్తామో, ఖర్చు గురించి భయపెట్టేవారినీ అలాగే పరీక్షించాలి.

సందేహించేవారిలో తిరిగే కథలకూ మూలం వెతకాలి. డీడీటీ అనే పురుగుమందును నిషేధించినందువల్లే శ్రీలంకలో మలేరియా తిరగబెట్టిందన్నది అలాంటి కథ. 1963లో ఆ దేశంలో నమోదైన కేసులు 17 మాత్రమే. వ్యాధి పోయిందన్న నమ్మకంతో పిచికారీ ఆపేశాక, 1968–69లో కేసులు ఐదు లక్షలు దాటాయి. అమెరికా డీడీటీని నిషేధించింది 1972లో, అంటే ఆ తర్వాత. తిరిగి పిచికారీ మొదలుపెట్టినప్పుడు దోమలు ఆ మందుకు లొంగకపోవడంతో వేరే మందుకు మారవలసి వచ్చింది. పైగా హానికర రసాయనాలను నియంత్రించే 2001 నాటి స్టాక్‌హోమ్ ఒప్పందం మలేరియా నివారణకు డీడీటీ వాడకాన్ని నేటికీ అనుమతిస్తోంది.

ఈ పరీక్ష ముగిశాక ముసాయిదాపై అభ్యంతరం తెలపాలనిపిస్తే గడువులోగా లిఖితపూర్వకంగా పంపండి. మొదటి పేరాలో మీరు అంగీకరించే అంశాన్ని రాయండి. ఆ తర్వాత ఏ క్లాజు, ఏ సంఖ్య, ఏ గడువు మీద అభ్యంతరమో దాని క్రమసంఖ్యతో సహా పేర్కొని, మూలాధారాన్ని జతచేసి, దాని స్థానంలో ఏ వాక్యం ఉండాలో మీరే రాసి ఇవ్వండి. నిబంధనను ఎన్నేళ్ళకు ఒకసారి సమీక్షించాలో, ఏ కొలత ఏ స్థాయికి చేరితే దానిని సడలించాలో లేదా కఠినం చేయాలో కూడా అందులోనే చేర్చమని కోరండి. మీ దగ్గర ఉంచుకునే ప్రతిపై తేదీ వేసి, ఏ ఆధారం కనిపిస్తే మీ అభిప్రాయాన్ని మార్చుకుంటారో దాని అడుగున ఒక వాక్యంలో రాసి పెట్టుకోండి. సమీక్ష జరిగే ఏడాది ఆ కాగితాన్ని తీసి, కొత్త కొలతల పక్కన పెట్టి చదవండి.